ఇంకా రాని పదిహేనో తేదీ

చనిపోయి రెండు రోజులైన మనిషి, ఇంకా ముప్ఫై తొమ్మిది రోజులకు గానీ రాని తేదీతో ఉత్తరం రాసింది.

ఆ కాగితం ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంది. నాకివ్వడానికి ఆయనకు మనసొప్పడం లేదు. మూడో అంతస్తు వరండాలో, సీలు వేసిన ల్యాబ్ తలుపు ముందు ఇద్దరం ఒకరికొకరం అడ్డంగా నిలబడ్డాం. టైం పది నలభై.

"దయ్యాల కేసులు కూడా మొదలుపెట్టారా మేడం?" అన్నాడు.

"మనుషుల కేసులు మీరు సరిగ్గా చూస్తే నాకా కర్మ ఎందుకండీ?"

ఆయనకు డిపార్ట్‌మెంటులో ఫుల్‌స్టాప్ అని పేరు. ఏ ఫైలైనా మూడో రోజుకల్లా ముగించేస్తాడు. ఈ ఫైలుకి ఇది మూడో రోజు. పన్నెండు గంటలకి చనిపోయినావిడ తమ్ముణ్ణి అరెస్టు చేయబోతున్నాడు. ఆ తమ్ముడి భార్య నిన్న నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "మా ఆయనకి వాళ్లక్కంటే ప్రాణం మేడం. ఆ మనిషి లోపలికి వెళ్తే మళ్లీ బతికి బయటికి రాడు" అని ఏడ్చింది. అందుకే వచ్చాను.

అందుకొక్కదానికే కాదు. పదకొండేళ్ల కిందట నేనూ యూనిఫారంలో ఉన్నాను. ఇలాగే ఒక మిట్టమధ్యాహ్నం ఒక మనిషిని తొందరపడి తీసుకెళ్లాను. ఆయన చేయలేదని తేలేసరికి ఆయనే లేడు. అప్పట్నుంచీ గడియారం పన్నెండు కొట్టిందంటే నాకు అరచేతులు చెమటపడతాయి. ఇది ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదు. చెబితే నవ్వుతాడు.

"ఇవ్వండి," అన్నాను. ఇచ్చాడు.

పైన తేదీ: వచ్చే నెల పదిహేను. సమయం 00:31. కింద ఆవిడ పేరు. ఆ కింద ఇలా ఉంది.

"ఈ రోజు పదిహేను. పన్నెండు దాటింది. వాళ్లు చెయ్యి వదిలేశారు. రెండు నిమిషాలకే మొదటి తెర నల్లబడింది. పన్నెండో మంచం. తర్వాత పదమూడు, పద్నాలుగు. ఒక్కొక్కటే పోతున్నాయి. పిలిస్తే పలకడం లేదు. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను."

నా ఒళ్లు జలదరించింది. దయ్యాలని నమ్మను గానీ, ఒంటికి ఆ సంగతి తెలియదు కదా.

"రెండో కాగితం ఏది? ఇక్కడ ఒకటో పేజీ అని ఉంది."

"ప్రింటర్లో పేపర్ అయిపోయింది. మిగతాదంతా ఏవో పట్టికలు." ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఊపాడు. "తమ్ముడి పనే మేడం. భయపెట్టి తప్పించుకుందామని తేదీ మార్చి పెట్టాడు. నా దగ్గర ఆ పప్పులు ఉడకవు."

ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. ఆఫీసులో అందరూ ఆవిడని క్యాలెండరక్క అనేవాళ్లు. ఈ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేస్తుంది. అంటే, కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రామ్. దీనికి పోటీగా ఇంకో పెద్ద కంపెనీ ఉంది. దాని పాత సిస్టమ్ లక్షల కంప్యూటర్లలో, ముఖ్యంగా ఆస్పత్రుల్లో పాతుకుపోయి ఉంది. వచ్చే నెల పద్నాలుగుతో దానికి రిటైర్మెంట్ అని వాళ్లు ప్రకటించారు. ఆ అర్ధరాత్రి నుంచి మరమ్మతులుండవు, రక్షణ ఉండదు. కాబట్టి వీళ్ల కొత్త సిస్టమ్ సరిగ్గా మూడు వారాల ముందు విడుదల కావాలి, దిక్కులేకుండా పోయిన కంప్యూటర్లన్నీ ఇటు మారాలి, వాటిని ఏడేళ్ల పాటు చూసుకుంటామని మాట ఇవ్వాలి. ఏ రోజు ఏం జరగాలో తేదీలు వేసేది క్యాలెండరక్క.

నాలుగో తేదీన జరిగింది ఇది. ఉదయం 9:05కి ల్యాబ్‌లో పనిచేసే తమ్ముడు కార్డు పెట్టి లోపలికి వెళ్లాడు. అక్క అప్పటికే లోపల ఉంది. 9:25 ప్రాంతంలో ఇద్దరూ అరుచుకోవడం రిసెప్షన్ అమ్మాయి వింది. 9:30కి తమ్ముడు ముఖం ఎర్రగా చేసుకుని బయటికి వచ్చాడు. 9:35 నుంచి శవం దొరికేదాకా గేటు దగ్గర వాచ్‌మన్ పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత ల్యాబ్ ముందు తలుపు గుండా లోపలికి వెళ్లినవాళ్లు లేరు. 10:20కి ఊడ్చే ఆవిడ వెనక మెట్ల కింద శవాన్ని చూసి కేక పెట్టింది. తల పగిలింది. తొమ్మిదికీ పదికీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు.

"తొమ్మిదిన్నర లోపలే తోసేశాడు. వాడు తప్ప లోపలికి వెళ్లినవాడు లేడు. లెక్క సరిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వెనక తలుపు?"

"లోపల్నుంచి తోస్తే తెరుచుకుంటుంది. బయట్నుంచి తాళంచెవి ఉంటే తప్ప రాదు. లోపలి వైపు కూడా నా సీలు వేశాను, నా సంతకంతో. ఇంకేం కావాలి?"

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?"

ఇన్‌స్పెక్టర్ తన పుస్తకం తిరగేశాడు. సమాధానం వరండాలో నిలబడ్డ రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. ఉత్తరాన్ని ముందు చూసింది కూడా ఆ అమ్మాయే. పొద్దున ఇన్‌స్పెక్టర్ అడిగాడని, తన కంప్యూటర్లోంచే అక్క ఫైళ్లుండే ఆఫీసు ఫోల్డర్ తెరిచింది. మిగతావేవీ లేవు. ఈ ఒక్క ఫైలే ఉంది.

"అక్క దగ్గరే ఉండేదండీ. పొద్దున్నే వెనక మెట్ల మీంచే వచ్చేది. తాళాల గుత్తికి చిన్న గంట కట్టి ఉంటుంది. వాళ్ల తమ్ముడు కొనిచ్చాడు. ఆ చప్పుడు వినపడితే ఎనిమిదైందని మాకు లెక్క."

"శవం దగ్గర గుత్తి దొరికిందా?" ఇన్‌స్పెక్టర్ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "నేను విన్నానండీ. ఆ రోజే. శవాన్ని తీసుకెళ్లాక, సాయంత్రం ఇంటికెళ్తుంటే, లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నాయి. లోపల గంట మోగింది. అక్క గంట. చెబితే పిచ్చిదాన్నంటారని చెప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ నా వంక చూసి కళ్లెగరేశాడు. నేను నవ్వలేదు.

పది యాభైకి రెండో అంతస్తులో ఉన్న కంపెనీ డైరెక్టర్ గదిలోకి వెళ్లాం. అరవై దాటిన మనిషి, మెత్తటి మాట. కుర్చీకి ఆనించి నల్ల చేతికర్ర ఉంది.

"రండి రండి. లేవలేను, ఏమనుకోకండి. మోకాలు ఆపరేషన్ అయినప్పట్నుంచీ నాకూ మెట్లకీ మాటల్లేవు," అని నవ్వాడు. "ఏడాదైంది మెట్టెక్కి. లిఫ్ట్ ఆగిపోతే ఆ రోజు ఆఫీసుకి సెలవే."

"నాలుగో తేదీ తొమ్మిదిన్నర నుంచి పది దాకా ఎక్కడున్నారు?"

"ఈ గదిలోనే. ఒక్కణ్ణే. సాక్ష్యం కావాలంటే ఈ గోడలే."

"రిలీజు తేదీ విషయంలో ఆవిడకీ మీకూ ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదే! ఎదుటివాళ్ల రిటైర్మెంట్ అంటే మాకు పదేళ్లకోసారి వచ్చే అవకాశమమ్మా. ఒక్క రోజు ఆలస్యమైతే జనం ఇంకెవరి దగ్గరికో పోతారు. ఆ సంగతి ఆ అమ్మాయికే బాగా తెలుసు. ఆస్పత్రులకి 'చెకప్' అని ఒక ఉచిత ప్రోగ్రామ్ కూడా పంపించాం. వాళ్ల పాత కంప్యూటర్ మా దానికి మారగలదో లేదో అది చూసి చెబుతుంది. నలభై వేల కంప్యూటర్లలో ఉందిప్పుడు. అంతా ఆ అమ్మాయి వేసిన తేదీల ప్రకారమే."

"పొద్దున దొరికిన ఉత్తరం గురించి విన్నారా?"

"విన్నాను. ఎవరో ఆకతాయి పని. తీసేయమని చెప్పాను కూడా. ఇన్‌స్పెక్టర్ గారు ఒప్పుకోలేదు." నిట్టూర్చాడు. "ఆ తమ్ముణ్ణి అనుమానించడం నాకు ఇష్టం లేదండీ. చిన్నవాడు. ఆ వెనక మెట్ల మీద దీపం కూడా లేదు. చీకట్లో కాలు జారిందేమో."

ఇన్‌స్పెక్టర్ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నేను థాంక్స్ చెప్పి లేచాను.

వెనక మెట్లు కింద నుంచి పైకి ఒక్కొక్కటే చూసుకుంటూ ఎక్కాను. వాచ్‌మన్ టార్చ్ పట్టుకుని వెంట వచ్చాడు. మూడో అంతస్తు మలుపులో బల్బు నల్లగా మాడిపోయి ఉంది.

"ఇది ఎప్పుడు పోయింది?"

"మూడో తేదీ సాయంత్రం మేడం. ఆఫీసు మూశాక. తెల్లారి మారుద్దామనుకున్నా. ఇంతలో ఈ ఘోరం. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నన్ను తిడతారని."

ఏడాదిగా మెట్టెక్కని మనిషికి, మొన్న మాడిపోయిన బల్బు సంగతి తెలుసు. ఇది ఒక్కటే అయితే ఏ కోర్టూ నమ్మదు.  రెండు రోజుల కిందట ఆవిడ వెల్లకిలా పడి చూసిన చివరి వస్తువు ఈ మాడిపోయిన బల్బే అయి ఉంటుంది.

తమ్ముణ్ణి మీటింగు గదిలో కానిస్టేబుల్ కాపలాలో కూర్చోబెట్టారు. రెండు రోజుల గడ్డం. ముందున్న టీ అలాగే చల్లారిపోయింది. ఉత్తరం సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చూపించనూ లేదు. ఇన్‌స్పెక్టర్ వద్దంటున్నా నేను ఒకే ప్రశ్న వేశాను.

"పదిహేనో తేదీ ఎక్కడైనా వచ్చేసిందా బాబూ?"

మామూలు మనిషైతే నాకు మతి పోయిందనుకునేవాడు. అతను తలెత్తాడు.

"వచ్చింది మేడం. ల్యాబ్‌లో. రేపటి బల్ల మీద."

11:15కి ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ తన సీలు తనే విప్పి తలుపు తీశాడు. లోపల ఏసీ చలి. ఒక పక్క మామూలు కంప్యూటర్లు. కిటికీ దగ్గర విడిగా ఒక పొడవాటి బల్ల. దాని మీద ఎనిమిది పాత తెరలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని నెత్తిన ఒక చీటీ: మంచం 12, మంచం 13, ఇలా పంతొమ్మిది దాకా. అన్నీ నల్లగా ఉన్నాయి. బల్ల చివర ఒక్క కంప్యూటర్ మాత్రం వెలుగుతోంది. దాని మీద ఆవిడ చేతిరాతతో కాగితం అతికించి ఉంది: "ఈ బల్ల వచ్చే నెలలో ఉంది. ముట్టుకోవద్దు."

"ఎదుటివాళ్ల సిస్టమ్ రిటైరయిన మర్నాడు ఏమవుతుందో ముందే చూడాలంటే ఇదొక్కటే దారి," అన్నాడు తమ్ముడు. "గడియారం ముందుకి తిప్పి, అర్ధరాత్రి దాటనిచ్చి, కూర్చుని చూడాలి. ఆస్పత్రి వార్డులో ఎలా ఉంటాయో అలాగే పెట్టింది అక్క. ఈ బల్ల మీద మేం ఫోన్లు కూడా పెట్టం. ముసలైపోతాయని అక్క జోక్ వేసేది." అతను తెరల వైపు తిరిగాడు. "చెకప్‌ని నేనే పరీక్ష చేసి సంతకం పెట్టాను మేడం. ఆ రోజు తేదీతోనే చేశాను. ముందుకి తిప్పి చూడలేదు. తెరలు పోవడం చూసి అక్క నన్ను అరిచింది. నేనూ అరిచాను. అలిగి వెళ్లిపోయాను. అదే చివరిసారి."

వెలుగుతున్న తెర మూలన చూశాను. వచ్చే నెల పదిహేడు, 01:54. నా చేతి గడియారంలో ఆరో తేదీ, 11:15.

పక్కనే ఆవిడ లాగ్ బుక్ ఉంది. చివరి వరుస: "నాలుగో తేదీ, 9:11. బల్ల గడియారం పద్నాలుగో తేదీ 23:50కి తిప్పాను."

"ఇన్‌స్పెక్టర్ గారూ, కొంచెం కూడికలు వచ్చా?"

"వెటకారం వద్దు మేడం."

"23:50 నుంచి 00:31కి ఎంత?"

"నలభై ఒక్క నిమిషాలు."

"9:11కి నలభై ఒకటి కలపండి."

ఆయన పెదవులు కదిలాయి. 

"9:52," అన్నాను. "పుస్తకం మీద నమ్మకం లేకపోతే ఈ తెర మీద టైం నుంచి, నా గడియారం నుంచి వెనక్కి లెక్కేసుకోండి. అదే వస్తుంది. ఆవిడ 9:52కి బతికి ఉంది, రాస్తోంది. ఇతను 9:35 నుంచి వాచ్‌మన్ పక్కన కూర్చుని ముక్కు చీదుకుంటున్నాడు. మీరు రాసుకున్న వాంగ్మూలమే."

"తర్వాతెప్పుడో వచ్చి రాసి పెట్టి ఉండొచ్చుగా!"

"ఎలా వస్తాడు? ముందు తలుపుకి సీలు ఎవరిది? వెనక తలుపుకి లోపల్నుంచి సీలు ఎవరిది?"

ఆయన వెనక తలుపు దగ్గరికి వెళ్లి చూశాడు. తలుపుకీ చట్రానికీ మధ్య అంటించిన కాగితం, దాని మీద ఆయన సంతకం, చెక్కుచెదరలేదు. తన సంతకం వంక ఆయన అంతసేపు చూడటం అదే మొదటిసారి అయి ఉంటుంది.

"మిగతా ఫైళ్లు ఏమయ్యాయి?" నెమ్మదిగా అడిగాడు. గొంతులో వెటకారం పోయింది.

తమ్ముడు అవతలి కంప్యూటర్‌లో చూశాడు. "నాలుగో తేదీ 10:08కి తుడిచేశారు సార్. ఈ గదిలో ఈ కంప్యూటర్ నుంచే. ఆ రోజు వరకు తేదీలున్న ఫైళ్లన్నీ తీసెయ్ అని కంప్యూటర్‌కి చెప్పారు. అక్క ఉత్తరం ఒక్కటే మిగిలింది. ఆ రోజుకి అది ఇంకా పుట్టలేదు కదా."

పదీ ఎనిమిదికి అక్క మెట్ల కింద పడి ఉంది. తమ్ముడు గేటు దగ్గర ఉన్నాడు. ఆవిడ తాళాలు తీసుకుని, లోపలికొచ్చి, తీరిగ్గా తుడిచిపెట్టి, మళ్లీ ఆ శవాన్ని దాటుకుంటూ వెళ్లిపోయిన మనిషి ఇంకొకరున్నారు.

రెండో పేజీ తెర మీదే తెరిచాను. పట్టికల కింద ఇంకా ఉంది.

"ఇది పొరపాటు కాదు. పద్నాలుగు దాటగానే పాత కంప్యూటర్‌కి తాళం పడేలా చెకప్‌లో ఎవరో కావాలని రాయించారు. ఎదుటివాళ్లు వదిలేస్తే కంప్యూటర్లు చచ్చిపోయాయని అందరూ అనుకోవాలి, భయపడి మన దగ్గరికి పరిగెత్తుకు రావాలి. ఆ తెరల కింద మనుషులు పడుకుని ఉంటారు. లోపలి ఫోన్‌లో చెప్పాను, రిలీజు ఆపాలని. నువ్వక్కడే ఉండు, నేనే వస్తా, ఎవరితో అనకు అన్నారు.

"తమ్ముడు అలిగి వెళ్లాడు. వాడి తప్పేం లేదు. అనవసరంగా నోరు చేసుకున్నాను. మధ్యాహ్నం భోజనం దగ్గర సారీ చెప్పాలి. వెనక తలుపు కొడుతున్నారు. తీసి వస్తాను."

అంతే. ఆ తర్వాత ఖాళీ తెర.

తమ్ముడు ఆ వరుసలు చదివి బల్ల మీద తల వాల్చేశాడు. ఫోన్ కూడా పెట్టని బల్ల మీద. ఏడుపు చప్పుడు రాలేదు, భుజాలు కదిలాయి. నేను పక్కకి తిరిగి కిటికీలోంచి చూశాను.  ఆవిడ వస్తానని రాసింది. రెండు రోజులుగా ఆ తెర ఆవిడ కోసం వెలుగుతూనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి అరెస్టు కాగితం తీశాడు. నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరు మేడం?"

"చెబితే నమ్మరు. చూపిస్తాను. నేను చెప్పినట్టు చేయండి."

11:40కి ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్ గదికి వెళ్లి, తమ్ముణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్తున్నామనీ, రెండు గంటలకి వేరే బండి వచ్చి ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల మొత్తం పరీక్షకి తీసుకెళ్తుందనీ, చివరి కంప్యూటర్‌లో ఉత్తరం ఇంకా మిగిలే ఉందనీ చెప్పి వచ్చాడు. కింద జీపు బయలుదేరింది. కానిస్టేబుళ్లు తప్ప అందులో ఎవరూ లేరు. ముందు తలుపుకి ఒక కానిస్టేబుల్ బయట్నుంచి మళ్లీ సీలు వేసి, అదే జీపెక్కాడు. లోపల మేం ముగ్గురం, దీపాలార్పి, బీరువా వెనక.

పన్నెండైంది. నా అరచేతులు చెమటపట్టాయి. బయట మిట్టమధ్యాహ్నం, బల్ల మీద 02:39. ఎనిమిది నల్ల తెరల్లోనూ మా నీడలు కనిపిస్తున్నాయి. వాటి వైపు చూడకుండా ఉండటానికి నేను వెనక తలుపు మీది సంతకాన్నే చూస్తూ కూర్చున్నాను.

12:07కి మెట్ల మీద చప్పుడు మొదలైంది. ఒక అడుగు. కర్ర. ఒక అడుగు. కర్ర. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఒక అడుగు. ఇన్‌స్పెక్టర్ నా వంక తిరిగాడు. ఆయనకు అర్థమైంది.

చప్పుడు తలుపు అవతల ఆగింది. ఏదో గుడ్డ విప్పుతున్న అలికిడి. అప్పుడు, చాలా చిన్నగా, గంట మోగింది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. చెయ్యి పట్టుకుని ఆపబోయాను, ఆగలేదు. రెండు రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖంలో వెలుగు చూశాను. 

"అక్క వచ్చేసింది," అన్నాడు.

తాళంలో చెవి తిరిగింది. కాగితం మీది సంతకం మధ్యకి చిరిగింది. సందులోంచి ముందుగా నల్ల చేతికర్ర లోపలికి వచ్చింది. దాన్ని పట్టుకున్న చేతి వేలికి క్యాలెండరక్క తాళాల గుత్తి వేలాడుతూ, ఇంకా మోగుతూనే ఉంది.